హన్మకొండ ‘ఎర్ర ఫొటోల దుకాణం’: ఎర్ర ఫైలు ధైర్యంగా కొనొచ్చు, నల్ల ఫైలు ఆలోచించి కొనాలి

హన్మకొండ చౌరస్తా నుంచి లోపలికి వెళ్లే సందుల్లో దేవుడి పటాలకు, పెళ్లి ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణాల వరుస ఒకటుంది. అందులో ఈ దుకాణానికి బోర్డు మీద వేరే పేరుంది గానీ, ‘ఎర్ర ఫొటోల దుకాణం’ అంటేనే పక్కవాళ్లు చెయ్యి చూపిస్తారు. మేడే దగ్గర పడితే గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి యూనియన్ ఆఫీసుల వాళ్లు లెనిన్ పటానికి ఇక్కడికే వస్తారు. ఈ మధ్య యూనివర్సిటీ హాస్టళ్ల పిల్లలు, కొత్తగా కాఫీ షాపులు తెరిచినవాళ్లు కూడా గిరాకీలో చేరారు. సోవియట్, చైనా బొమ్మలను కోరిన సైజులో ప్రింటు తీసి, ఫ్రేము కట్టి ఇవ్వడం ఇక్కడి పని. కొన్ని పాత పోస్టర్లు కూడా అమ్ముతారు. ఎక్కువమంది మోసపోయేది అక్కడే, దాని సంగతి తర్వాత.

కౌంటర్ మీద రెండు ఫైళ్లుంటాయి. ఎర్ర అట్ట ఫైలులో ప్రభుత్వం అడిగి వేయించుకున్న బొమ్మలు: యుద్ధకాలపు పోస్టర్లు, లెనిన్ పటాలు, ట్రాక్టర్లు, గనులు, పయొనీర్ (సోవియట్ పిల్లల సంఘం) పిల్లలు. నల్ల అట్ట ఫైలులో అదే ప్రభుత్వం గోడ ఎక్కనివ్వని బొమ్మలు: రాబిన్, కబకోవ్, బులాతోవ్, కొమార్–మెలమీద్ జంట లాంటి సోవియట్ చిత్రకారులవి. ఇలా విడదీసి పెట్టడం మంచి ఆలోచన. కానీ రెండు ఫైళ్లనూ ఒకే మెషీన్ మీద, ఒకే కాగితం మీద, అవే మూడు సైజుల్లో తీస్తున్నారు. తేడా కొట్టేది ఇక్కడే. ఎర్ర ఫైలులోని పోస్టర్లు పుట్టిందే అచ్చు కోసం. వేల కాపీలు వేసి స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర అంటించడానికే గీశారు. వాటిని బాగా ప్రింటు తీస్తే అసలుకు దగ్గరగానే ఉంటుంది. నల్ల ఫైలులోవి ఏ ప్రెస్సూ ముట్టుకోనివి, ఇంట్లో గీసి ఇంటికొచ్చిన స్నేహితులకు చూపించినవి. వాటిని 24×36 అంగుళాల కాగితం మీదికి ఎక్కించగానే అవి కూడా పోస్టర్లైపోతాయి.

ధరలు ముందే చెప్పుకుందాం. ఏ3 సైజు ప్రింటు 180 రూపాయలు, 18×24 అంగుళాలది 350, 24×36ది 700. కాగితం మామూలుగా 220 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాట్, అంటే మెరవనిది. 300 జీఎస్ఎం కాటన్ కాగితం కావాలంటే దాదాపు రెట్టింపు. పెద్ద సైజుకు సింథటిక్ ఫ్రేము గాజుతో కలిపి 900, టేకు ఫ్రేము 1800. ఈ పనికి ఈ ధరలు ఎక్కువేమీ కాదు.

ఎర్ర ఫైలుతో మొదలుపెడితే, ముందు చూడాల్సింది ద్మీత్రి మోర్ 1920లో వేసిన పోస్టర్. వేలు చూపిస్తూ ‘నువ్వు వాలంటీరుగా చేరావా?’ అని అడిగే ఎర్రసైనికుడు. అందులో ఉన్నవి రెండే రంగులు, ఎరుపూ నలుపూ. లిథో ప్రెస్సులో (రాయి మీద గీసి అచ్చేసే పాత పద్ధతి) ఆ ఎరుపు ఒకే సిరా, ముద్దగా పడుతుంది. మామూలు ఇంక్‌జెట్ మెషీన్‌లో ఎర్ర సిరా ఉండదు, మజెంటా మీద పసుపు చల్లి ఎరుపు పుట్టిస్తుంది. పసుపు ఎక్కువైతే నారింజకు తిరుగుతుంది, తక్కువైతే గులాబీకి జారుతుంది. చేర్యాల నకాషీ పటంలోని ఎర్ర నేల క్యాలెండర్ మీదికి రాగానే ఎందుకు చచ్చిపోతుందో గమనించినవాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. ఇక్కడి ఆపరేటర్ ఆ ఎరుపును బాగా పట్టుకున్నాడని ఒప్పుకోవాలి. అయితే ఊరికే వదిలేస్తే కాదు, ప్రూఫ్ అడగాలి. ముదురు ఎరుపు, నలుపు పక్కపక్కన ఉన్న చోటు నుంచి నాలుగు అంగుళాల పట్టీ ప్రింటు తీసి ఇమ్మంటే ఇస్తారు, 40 రూపాయలు. దాన్ని దుకాణంలోని ఎల్ఈడీ ట్యూబు కింద చూడొద్దు, గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుగులో చూడాలి. ట్యూబు కింద బాగున్న ఎరుపు ఎండలో ఇటుక రంగు కొట్టడం మామూలే. సిరా ఏదో కూడా అడగండి. డై సిరా చౌక, కానీ వెలుతురుకు మొదట మజెంటాయే ఎగిరిపోతుంది, కొన్నాళ్లకు ఎర్రసైనికుడు పసుపుసైనికుడు అవుతాడు. పిగ్మెంట్ సిరా అని బిల్లు మీద రాయించుకోండి.

ఫైలు నాణ్యత చూసుకోవడానికి చిత్రకారుడు తోయిద్జె 1941లో వేసిన పోస్టర్ మంచి పరీక్ష. ‘మాతృభూమి పిలుస్తోంది’ అని ఒక చెయ్యి పైకెత్తిన ఎర్రచీరలాంటి దుస్తుల తల్లి, వెనక తుపాకీ సన్నీల వరుస. ఆమె రెండో చేతిలో ఒక కాగితం ఉంటుంది, అది సైనికుల ప్రమాణపత్రం. మంచి స్కాన్ అయితే ఆ కాగితం మీది అక్షరాలు విడివిడిగా తెలుస్తాయి. అక్కడ బూడిద మరకలే కనబడితే ఆ ఫైలును ఏ3 దాటి పెంచొద్దని అర్థం. సోవియట్ పోస్టర్లు చాలావరకు 60×90 సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటాయి. ఆ సైజులో అంగుళానికి 150 చుక్కలు పడాలంటే ఫైలు 3543×5315 పిక్సెళ్లు ఉండాలి. సొంత ఫైలు పంపేవాళ్లు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది నలిగి చిన్నదైపోతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాలి.

చిత్రకారుడు క్లుత్సిస్ ఫొటోమాంటేజ్‌ల (ఫొటోలు కత్తిరించి కలిపి చేసిన బొమ్మలు) దగ్గర ఇంకో చిక్కుంది. 1930లో ఆయన చేసిన పైకెత్తిన చేతుల పోస్టర్‌లో అన్నీ ఫొటోలే, అంటే అసలు అచ్చులోనే చుక్కల జల్లెడ ఉంది. దాన్ని స్కాన్ చేసి మళ్లీ చుక్కలుగా కొట్టేసరికి అరచేతి మీద అలల గీతలు లేస్తాయి. స్కాన్ చేసేటప్పుడే డీస్క్రీన్ (అచ్చు చుక్కలను చెరిపే) ఆప్షన్ పెట్టి ఉంటే పోయేది. దుకాణం దగ్గరున్న ఫైలుకు ఆ పని జరగలేదు, అందుకే ఇది మాత్రం కొనొద్దు. పంచవర్ష ప్రణాళికలకు ఇంతగా ప్రచారం చేసిన ఈ క్లుత్సిస్‌ను ఆ ప్రభుత్వమే 1938లో కాల్చి చంపింది. ఎర్ర ఫైలులో పేరుంటే ప్రాణానికి భరోసా ఉన్నట్టు కాదు.

ఎర్ర ఫైలు మీద మా పెద్ద ఫిర్యాదు వేరే ఉంది. పోస్టర్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. ఫ్రేములో సరిగ్గా కూర్చోవడం లేదని దుకాణంవాళ్లు దాన్ని కోసేస్తారు. కోయనివ్వొద్దు. చిత్రకారుడి పేరు, సంపాదకుడి పేరు, ప్రచురణ సంస్థ, ఎన్ని కాపీలు వేశారు, ధరెంత, ఇవన్నీ అందులోనే ఉంటాయి. 1930ల నాటి అచ్చుల్లో గ్లావ్‌లిత్ ప్రతినిధి నంబరు కూడా కనబడుతుంది. గ్లావ్‌లిత్ అంటే 1922లో పెట్టిన సెన్సార్ ఆఫీసు. దాని అనుమతి లేకుండా చిన్న కరపత్రం కూడా ప్రెస్సు ఎక్కేది కాదు. ఒక బొమ్మ అధికారికమా కాదా అన్నదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం బొమ్మలోపల ఎక్కడా దొరకదు. అనుమతి నంబరు, కాపీల లెక్క బొమ్మ కిందే అచ్చై ఉంటాయి. నల్ల ఫైలులోని ఒక్క బొమ్మకైనా ఆ వరుస ఉండదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ‘కింది వరుసతో సహా’ అని రాయించండి, ఫ్రేము అర అంగుళం పెరిగినా ఫర్వాలేదు.

పెయింటింగుల్లో ఎక్కువ అమ్ముడుపోయేది ఇసాక్ బ్రోద్‌స్కీ 1930లో వేసిన ‘స్మోల్నీలో లెనిన్’. తెల్లటి ముసుగులు తొడిగిన కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని లెనిన్ రాసుకుంటుంటాడు, ఎదుటి కుర్చీ ఖాళీ. బొమ్మంతా బూడిద, తెలుపు, గోధుమ. ఆపరేటర్ అలవాటుగా రంగులు పెంచడంతో కుర్చీ ముసుగులు నీలంగా, నేల చెక్కలు కాషాయంగా వచ్చాయి. ‘రంగులు పెంచకుండా తీయండి’ అని చెబితే సరిగ్గానే ఇస్తారు. రెషెత్నికోవ్ 1952 నాటి ‘మళ్లీ తక్కువ మార్కులు’ చదువుకునే పిల్లల గదులకు బాగా పోతోంది. తలొంచుకున్న పిల్లవాడు, మీదికి ఎగబడే కుక్క, చురచుర చూసే అక్క. ఎర్ర ఫైలులో ఎరుపు దాదాపుగా లేని బొమ్మ ఇది, అక్క మెడలోని పయొనీర్ స్కార్ఫు తప్ప. ప్రింటుకు వంక పెట్టేందుకేమీ లేదు.

వ్లదీమిర్ సెరోవ్ వేసిన ‘లెనిన్ సోవియట్ అధికారాన్ని ప్రకటించుట’ దగ్గర జాగ్రత్త. ఫైలులో ‘1947’ అని రాసి ఉంది, ప్రింటు మాత్రం 1962 నాటిది. గుర్తుపట్టడం తేలిక. 1947 బొమ్మలో లెనిన్ వెనక స్టాలిన్ నిలబడి ఉంటాడు, ఆ బొమ్మకు స్టాలిన్ బహుమతి కూడా వచ్చింది. స్టాలిన్ మీద విమర్శ మొదలయ్యాక అదే చిత్రకారుడు అదే సన్నివేశాన్ని మళ్లీ వేశాడు, ఈసారి స్టాలిన్ లేడు, ఆ జాగాలో మామూలు జనం ఉన్నారు. రెండూ వాటి వాటి కాలంలో అధికారికమే. ఏది కావాలో చెప్పి కొనండి. యూనియన్ ఆఫీసులో ఈ విషయమై గొడవలు జరిగే అవకాశం ఎంతుందో మీకే తెలుసు.

సింగరేణి వైపు నుంచి ఎక్కువగా అడిగే చైనా బొమ్మ ‘ఆన్‌యువాన్‌కు వెళ్తున్న చైర్మన్ మావో’, 1967లో ల్యూ చున్‌హ్వా వేసినది. జియాంగ్‌షీ రాష్ట్రంలోని ఆన్‌యువాన్ బొగ్గుగనులకు పోతున్న యువకుడు మావో, ఒంటి మీద పొడవాటి అంగీ, చేతిలో గొడుగు, వెనక మబ్బులు. 90 కోట్ల కాపీలు అచ్చయిందని ఒక లెక్క ప్రచారంలో ఉంది. కొనేముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. 1922లో అక్కడి గని కార్మికుల సమ్మెను ముందుండి నడిపినవాళ్లు తర్వాత దేశాధ్యక్షుడైన ల్యూ షావోచీ, కమ్యూనిస్టు నాయకుడు లీ లీసాన్. 1961లో హోవ్ యీమిన్ అనే చిత్రకారుడు ల్యూ షావోచీని కార్మికుల మధ్య నిలబెట్టి ఒక పెద్ద బొమ్మ వేశాడు. సాంస్కృతిక విప్లవంలో ల్యూ పదవి పోగానే ఆ బొమ్మ నేరమైంది, దాని జాగాలోకి మావో బొమ్మ వచ్చింది. గని కార్మికుల ఆఫీసు కోసం కొనే ఈ బొమ్మలో ఒక్క గని కార్మికుడూ లేడు, చూసుకోండి. ఇక ప్రింటు విషయానికొస్తే అంగీ నీలి-బూడిద రంగు ఊదాకు తిరుగుతోంది. నల్ల సిరా తగ్గించి మూడు రంగులతో బూడిదను పుట్టించడం దీనికి కారణం. ‘బూడిదలో నలుపు పెంచండి’ అంటే ఆపరేటర్‌కు అర్థమవుతుంది.

ఎర్ర ఫైలు మూసేముందు ఒక తమాషా చెప్పాలి. చివరి పేజీల్లో ‘మా లక్ష్యం కమ్యూనిజం!’ అని ఎర్రగుడ్డ మీద తెల్లక్షరాల బ్యానర్ ఒకటుంది, సోవియట్ నినాదాల వరుసలో పెట్టారు. అది నల్ల ఫైలు సరుకు. 1972లో కొమార్, మెలమీద్ అనే ఇద్దరు మాస్కో చిత్రకారులు వీధిలో కనబడే నినాదాన్నే యథాతథంగా రాసి, కింద తమ పేర్లతో సంతకం చేశారు. ఫ్యాక్టరీ గోడ మీది నినాదానికి ఎవరూ సంతకం పెట్టరు. ఆ సంతకంతో ఎవరో ఇద్దరి సొంత గొంతులా మారి, నినాదం నవ్వులపాలైంది. ఇలాంటి పనికే ‘సోత్స్ ఆర్ట్’ అని పేరొచ్చింది. ఫైలులోని ప్రింటులో అడుగున సంతకం కనబడుతూనే ఉంది. ఇది ఏ ఆఫీసు గోడ మీదైనా ఇప్పటికే గంభీరంగా వేలాడుతుంటే ఆ చిత్రకారులకు అంతకంటే ఆనందం ఉండదు.

ఇక నల్ల ఫైలు. ఈ బొమ్మలు ఇలా ఎందుకున్నాయో తెలిస్తే ఏ సైజులో తీయాలో తెలుస్తుంది. 1932 ఏప్రిల్ 23న పార్టీ కేంద్ర కమిటీ తీర్మానంతో అప్పటిదాకా ఉన్న చిత్రకారుల, రచయితల బృందాలన్నీ రద్దయ్యాయి. 1934 రచయితల మహాసభలో సోషలిస్టు వాస్తవికతే (పార్టీ లక్ష్యాలకు తగ్గట్టు జీవితాన్ని చూపించడం) పద్ధతి అని ప్రకటించారు, బొమ్మలకూ అదే వర్తించింది. ఆ తర్వాత స్టూడియో గది, మంచి రంగులు, కాన్వాసు, ఆర్డర్లు, ప్రదర్శన, అన్నీ చిత్రకారుల సంఘం, దాని నిధి చేతుల మీదుగానే. సభ్యుడు కానివాడు ఉద్యోగం లేకుండా బొమ్మలు వేసుకుంటే ‘పరాన్నభుక్కు’ కింద కేసు పెట్టొచ్చు, 1961లో దానికి ప్రత్యేక ఆదేశమే వచ్చింది. అందుకని చాలామంది పగలు ఒక పని, రాత్రి ఒక పని చేశారు. కబకోవ్, బులాతోవ్, వసీల్యెవ్ పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసి బతికారు. మన తెలుగు ఇళ్లలో మాస్కో పిల్లల పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. వాటి చివరి పేజీలో రష్యన్‌లో అచ్చేసిన వివరాల్లో చిత్రకారుడి పేరు వెతికి చూడండి. రెండు ఫైళ్లూ ఒకే మనిషి చేతిలోంచి వచ్చిన సందర్భాలు తక్కువేమీ కాదు.

రాబిన్ బొమ్మల దగ్గర దుకాణం బాగా దెబ్బతింది. మాస్కో శివారు లియనోజొవోలో బ్యారక్ గదిలో ఉంటూ ఆయన వేసినవి వంగిన ఇళ్లు, వీధి దీపాలు, న్యూస్‌పేపర్ మీద ఎండుచేప. రంగులన్నీ నలుపు, గోధుమ, మురికి తెలుపు, పైగా రంగు మందంగా పూసి ఉంటుంది. మ్యాట్ కాగితం సిరాను పీల్చేసి చుక్కను లావు చేస్తుంది, దాంతో ముదురు భాగాలన్నీ కలిసిపోయి ఇల్లేదో ఆకాశమేదో తెలియకుండా పోతోంది. దీనికి మందు ఉంది. చీకటి భాగాలను మాత్రం కొంచెం తేలిక చేసి, కాటన్ కాగితం మీద, 12×16 అంగుళాలకు మించకుండా తీయాలి. మెరిసే కాగితం అసలొద్దు, రంగు గీతల గరుకుదనం పోయి ఫొటోలా కనబడుతుంది.

కబకోవ్ విషయంలో చేసింది ఇంకా అన్యాయం. 1970ల్లో ఆయన గీసిన ‘పది పాత్రలు’ అన్నవి విడి కాగితాల ఆల్బమ్‌లు. స్నేహితులను కూర్చోబెట్టి, ఒక్కో కాగితం తిప్పుతూ, రాతను పైకి చదువుతూ చూపించేవాడు. అందులో ఒక్క కాగితం తీసి, కాన్వాసు మీద రెండడుగుల వెడల్పుకు సాగదీసి, చెక్క చట్రానికి బిగించి అమ్ముతున్నారు. సన్నటి సిరాగీత తాడులా అయిపోయింది, రష్యన్ రాతకు తెలుగు అర్థం ఎక్కడా లేదు. ఒక్క పేజీ చింపి నవల అని అమ్మినట్టుంది. కొనొద్దని సూటిగా చెబుతున్నాం.

బులాతోవ్ ‘దిగంతం’ మాత్రం ఆశ్చర్యంగా బాగా వచ్చింది. 1971–72లో వేసిన ఈ బొమ్మలో కొందరు సముద్రం వైపు నడుస్తుంటారు, నీళ్లూ ఆకాశం కలవాల్సిన చోట ఎర్రటి పట్టీ అడ్డంగా పరచుకుని ఉంటుంది, పతకానికి కట్టే రిబ్బనులా. ఎర్ర ఫైలు మీద నేర్చిన ఎరుపు ఇక్కడ పనికొచ్చింది. ఒక్క లోపం: 24×36 ఫ్రేముకు సరిపెట్టడానికి పైనా కిందా కోశారు. పైన ఆకాశం, కింద ఇసుక తగ్గితే ఆ పట్టీ ఎంత దారిని మూసిందో తెలియదు. బొమ్మ అసలు కొలతల నిష్పత్తిలోనే తీయించి, మిగిలిన జాగాకు మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే మందపు అట్ట) పెట్టించండి.

ఫొటోల పేజీల్లో ఒక తప్పు దిద్దుకోవాలి. ‘బుల్డోజర్ ప్రదర్శన’ అని పేరు రాసిన నలుపు-తెలుపు ఫొటోలో జనం గడ్డిలో తీరిగ్గా తిరుగుతూ బొమ్మలు చూస్తున్నారు. బుల్డోజర్ల గొడవ 1974 సెప్టెంబర్ 15న మాస్కోలోని బెల్యాయెవోలో, అనుమతి లేని చిత్రకారులు ఖాళీ జాగాలో పెట్టుకున్న ప్రదర్శనలో జరిగింది. అక్కడికి బుల్డోజర్లు, నీళ్లు చిమ్మే లారీలు వచ్చి బొమ్మలు తొక్కేశాయి. కొమార్, మెలమీద్‌ల జంట స్వీయచిత్రం అక్కడే నాశనమైంది. విదేశీ పత్రికల్లో పరువు పోయాక, రెండు వారాలకు సెప్టెంబర్ 29న ఇజ్మయిలొవో పార్కులో కొన్ని గంటలపాటు చూపించుకోనిచ్చారు. జనం హాయిగా నిలబడ్డ ఫొటో అయితే చాలావరకు ఈ రెండోదే. రాబిన్ పౌరసత్వాన్ని 1978లో లాగేసుకున్నారు. చైనాలో అనుమతి లేని చిత్రకారుల ‘స్టార్స్’ బృందానికి నల్ల ఫైలులో ఒకటే పేజీ, 1979 సెప్టెంబర్ 27న బీజింగ్ కళాభవనం బయట కంచెకు బొమ్మలు వేలాడదీసినప్పటిది. ఫొటో మసక, వదిలేయండి.

కాపీరైటు సంగతి కాఫీ షాపుల వాళ్లు తప్పక వినాలి. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. క్లుత్సిస్ 1938లో, బ్రోద్‌స్కీ 1939లో, మోర్ 1946లో, ఇంకో పోస్టర్ చిత్రకారుడు రోద్చెంకో 1956లో పోయారు, ఇబ్బంది లేదు. తోయిద్జె 1985, రాబిన్ 2018, కబకోవ్ 2023. అంటే ఎర్ర ఫైలులోని తోయిద్జె పోస్టర్, నల్ల ఫైలు దాదాపు మొత్తం హక్కుల కిందే ఉన్నాయి. అనుమతి పత్రం అడిగితే దుకాణంలో చూపించలేదు.

ఇప్పుడు ‘ఒరిజినల్స్’. అల్మారాలో చుట్టలు చుట్టి పెట్టిన పాత పోస్టర్లు 1500 నుంచి 6000 దాకా చెబుతారు. మూతపడ్డ లైబ్రరీల నుంచి వచ్చాయంటారు. అందులో నిజమైనవీ ఉన్నాయి, చాలావరకు 1970–80ల ఆఫ్‌సెట్ అచ్చులు, 1500కు న్యాయమైన ధరే. కానీ ‘1941 ఒరిజినల్’ అని 6000 చెప్పేవాటికి మూడు పరీక్షలు చేయండి. మొదటిది 200 రూపాయల యూవీ టార్చి. చీకటి మూలలో కాగితం మీద వేస్తే నీలంగా వెలిగితే అది 1941 కాగితం కాదు. కాగితాన్ని తెల్లగా మెరిపించే ఆ రసాయనాల వాడకం 1950 ప్రాంతం నుంచే. వెలగకపోతే మాత్రం అసలుదేనని తేలినట్టు కాదు, మిగతా పరీక్షలు కూడా నెగ్గాలి. రెండోది పది రెట్లు చూపించే లూప్, అంటే చిన్న భూతద్దం. లిథోలో రంగు గరుకుగా, పెన్సిల్ రాసినట్టు పడుతుంది. ఆఫ్‌సెట్‌లో చుక్కలు చిన్న పువ్వుల్లా వరుసకట్టి ఉంటాయి. ఇంక్‌జెట్‌లో వరుసా వాయీ లేని చిలకరింపు. మూడోది ఆ అడుగు వరుస. వార్షికోత్సవాలకు పాత పోస్టర్లను సోవియట్‌లోనే మళ్లీ అచ్చేసేవాళ్లు, అవి నకిలీవి కావు గానీ 1941వీ కావు. ప్రచురణ సంవత్సరం అందులోనే దొరుకుతుంది. వరుస కోసేసి ఉంటే ఎందుకు కోశారని అడగండి. మధ్యలో రెండు పిన్నుల రంధ్రాలుంటే అది ‘సోవియట్ భూమి’లాంటి పత్రిక నడిమి పేజీ, 100 రూపాయలకు మించి ఇవ్వొద్దు.

ఫ్రేము పని చేతనైనవాళ్లే, కానీ దేవుడి పటానికి కట్టినట్టే కడతారు. ప్రింటును గాజుకు ఆనించి, వెనక ఫెవికాల్ మొత్తం పూసి హార్డ్‌బోర్డుకు అంటించి, మధ్యలో న్యూస్‌పేపర్ పెడతారు. మన వానాకాలంలో ఇది నిలవదు. తేమకు సిరా గాజుకు అతుక్కుంటుంది, ఫెవికాల్ అట్ట ఉబ్బి కాగితం అలలు తిరుగుతుంది, న్యూస్‌పేపర్ పసుపు బొమ్మకు దిగుతుంది. గాజుకూ ప్రింటుకూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల మౌంట్ బోర్డు కిటికీ, వెనక ఆమ్లం లేని బోర్డు, ప్రింటును పైఅంచున రెండు కాగితపు టేపు ముక్కలతో మాత్రమే వేలాడదీయడం, ఇలా అడిగితే 250 అదనం, ఇవ్వదగిందే. పాత పోస్టర్‌కు లామినేషన్ చేయనివ్వొద్దు, ఇక తీయడం కుదరదు. రామగుండం, గోదావరిఖని వైపు తీసుకెళ్లేవాళ్లు ఫ్రేము వెనక నాలుగంచులా బ్రౌన్ టేపు వేయించాలి, లేదంటే బొగ్గుదుమ్ము గాజు లోపలికి చేరుతుంది. గోడకూ ఫ్రేముకూ మధ్య ఒక సెంటీమీటర్ గాలి ఆడేలా కింది మూలల్లో రబ్బరు బిళ్లలు పెట్టించండి.

ప్రింటుకు రెండు రోజులు, ఫ్రేముతో కలిపి ఐదు రోజులు పడుతుంది. ఏప్రిల్ మూడో వారం దాటితే మేడే ఆర్డర్లతో పది రోజులైనా పట్టొచ్చు, ప్రూఫ్ చూపించే ఓపిక కూడా అప్పుడు ఉండదు. బయటి ఊళ్లకు బస్సు పార్సిల్‌లో పంపుతారు. గాజు ఫ్రేములు అలా తెప్పించుకోవద్దు, ప్రింటు మాత్రం మూడు అంగుళాలకు తగ్గని గొట్టంలో చుట్టించి తెప్పించుకుని మీ ఊళ్లోనే ఫ్రేము కట్టించుకోండి. సగం డబ్బు ముందు, సగం ప్రూఫ్ నచ్చాక. బిల్లు మీద కాగితం బరువు, సిరా రకం, ‘కింది వరుసతో సహా’ అన్న మూడూ ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టండి.